తొమ్మిది లైన్ల ఖాళీ

త్రేల్ అయ్యగారు ఇసుకగడియారాన్ని తిరగేసి పెట్టాడు. జనం గొంతుల్లోనే తృప్తిగా మూలిగారు. దేవుడి ఇంట్లో చప్పట్లు కొట్టకూడదు కాబట్టి ప్రసంగం నచ్చినప్పుడల్లా పెదవులు కదపకుండా 'హుం' అంటారు. నాలుగు వందల గొంతులు ఒక్కసారి అలా అంటే కూర్చున్న బల్ల కూడా తుమ్మెద కడుపులా అదురుతుంది. ఇంకో గంట వింటాం, చెప్పవయ్యా అని దాని అర్థం. నెలాఖరు బుధవారం, ఉపవాస దినం. రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం మొదలైన దగ్గరనుంచి లండన్‌లో ప్రతి నెలా ఇదే వరస. కొట్లు మూసి, పొయ్యిలు ఆర్పి, పొద్దుటినుంచి ఎంగిలి పడకుండా వచ్చి ఈ చలిలో ఒకరినొకరు ఆనుకుని కూర్చోవడం, దేవుడు పార్లమెంటు వైపే ఉన్నాడని వినడం, వినడానికే ఆకలి మరిచిపోవడం. పక్కన కూర్చున్న ఎదురింటి బ్రిజెట్ కడుపు గుర్రుమంది. మొదటి గంట ఎటు పోయిందో డామరిస్‌కు తెలియలేదు. ఆ మాట వచ్చేది రెండో గంటలోనే, ఇసుక ముప్పాతిక వంతు దిగాక, ఎప్పుడూ అక్కడే. అంటే ఇంకా వ్యవధి ఉంది. వ్యవధి ఉందని తనకు తాను చెప్పుకోవడం ఇవాళ ఇది ఎన్నోసారో. పైన చెక్క గ్యాలరీలో వీధిలోని పనివాళ్ళ కుర్రాళ్ళంతా వరసగా కూర్చున్నారు. వాళ్ళ మధ్యలో జాస్పర్, తన కొడుకు, మిగిలిన ఒక్క కొడుకు, టోపీ మోకాళ్ళ మీద పెట్టుకుని ముందుకు వంగి వింటున్నాడు. వాళ్ళది ఒక ఒప్పందం. అయ్యగారి నోట ఆ మాట రాగానే అందరూ ఒక్కసారే లేచి, మెట్లు దిగి, గుమ్మం దగ్గర డోలును బల్లలా పెట్టి దానిమీద పుస్తకం తెరుచుకుని కూర్చున్న సార్జంటు దగ్గరికి నడిచి పేర్లు రాయించుకోవాలని. కొత్త సైన్యం కడుతున్నారట, పాత సైన్యంలో మనుషులు అయిపోయారట. అయిపోయారు అన్న మాట ఎంత తేలిగ్గా అంటారో, పీపాలో సారా అయిపోయినట్టు.

ఎదుటి గోడకు కొట్టిన సున్నం ఒకచోట పెచ్చు ఊడింది, లోపలినుంచి పాత బొమ్మ కన్ను ఒకటి చూస్తోంది. ఏ పరిశుద్ధురాలిదో. తన పెళ్ళినాడు ఆ బొమ్మ నిండుగా ఉండేది, చేతిలో గొర్రెపిల్ల, కాళ్ళ దగ్గర పూలు. విగ్రహాలు పాపమని తెలిశాక సైనికులు నిచ్చెనలు వేసుకొచ్చి రంగుటద్దాలు పగలగొట్టి, గోడలకు సున్నం కొట్టి పోయారు. అద్దాలు పోయినచోట చెక్కలు బిగించారు, వాటి సందుల్లోంచి గాలి ఈల వేస్తూ మెడమీదికి వస్తుంది. చేతులు కొంకర్లు పోతున్నాయి. ఒళ్ళో రాత పుస్తకం ఉంది గానీ ఇవాళ ఒక్క అక్షరం రాయలేదు. అటూ ఇటూ ఆడవాళ్ళు రాస్తూనే ఉన్నారు, వంచిన తలలు, గబగబా కదిలే ఈకకలాలు. మాటను గీతగా, వాక్యాన్ని చుక్కగా కుదించే పొట్టిరాత తనకు తండ్రి నేర్పాడు. ఆడపిల్ల ప్రసంగం మొత్తం రాసుకొచ్చి ఇంట్లో చదివి వినిపిస్తే ఇంటికి మంచిదని ఆయన నమ్మకం. ఇంటికి మంచిదట. ఆయన ఉంటే ఇవాళ మొహం చూపించగలిగేదా. నెహెమ్యా పాస్క్‌ను పెళ్ళాడి అచ్చాఫీసులోకి వచ్చాక ఆ రాతే అన్నం పెట్టింది. ఉపవాస దినాన అయ్యగారి ప్రసంగం రాసుకొస్తే గురువారం కంపోజింగు, శనివారానికల్లా వీధిలో పత్రం. వేరే ప్రెస్సులవాళ్ళు అయ్యగారు సొంతంగా రాసి ఇచ్చేదాకా ఆగేవాళ్ళు, ఈలోపు తమది అమ్ముడైపోయేది. మొగుడు పోయాక కూడా ప్రెస్సు నిలబడిందంటే ఆ వేళ్ళ చలవే. ఈ వేళ్ళ చలవే. ఇంత పని చేసిన వేళ్ళు.

రెండేళ్ళ కిందటి జనవరిలో కూడా ఇదే బల్ల, ఇదే చలి, కాదు, ఇంతకంటే ఎక్కువ, థేమ్స్ ఒడ్డున పడవలు మంచులో ఇరుక్కున్న జనవరి. అయ్యగారు రెండో గంట చివరికొచ్చి గొంతు పెంచాడు. యుద్ధానికి రాని ఊరిని దూత శపించిన కథ ఎత్తుకున్నాడు. సరిగ్గా అప్పుడే కలం గీరుకుంది, నల్లగీత లేదు, ఒట్టి గోటి గీత. సిరాకొమ్ములో సిరా గడ్డకట్టింది. ఊదింది, గుప్పిట్లో పెట్టి నలిపింది, చివరికి చుట్టుపక్కల చూసుకుని రవికలోకి దోపుకుంది. వక్షం మీద మంచుగడ్డ పెట్టుకున్నట్టు ఒళ్ళు జలదరించింది. బ్రిజెట్ చూసి, "అక్కా, పాలు పడతాయా దానికి?" అని గుసగుసలాడింది. తనకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆపుకునే గొడవలో అయ్యగారు ఏమన్నాడో చెవిన పడలేదు. సిరా కరిగేసరికి ఆయన ఆమెన్ దగ్గరికి వచ్చేశాడు. ఆయన అప్పుడు ఏమన్నాడో ఇప్పటికీ తెలియదు. ఏదో మంచిమాటే అని ఉండొచ్చు. చంపమని కాక ఓర్చుకోమని అని ఉండొచ్చు. ఎవరికి తెలుసు, ఆ మాటలు అటు పై కప్పులోకి పోయాయి.

మర్నాడు పొద్దున హంఫ్రీ అచ్చులు పేర్చిన గ్యాలీ పళ్ళెం మీద వేలు పెట్టి చూపించాడు. మొగుడికి ముందునుంచీ ఉన్న ముసలి ప్రెస్సుమనిషి, మాట తక్కువ. "అమ్మగారూ, ఇక్కడ అతుకు లేదు. ఈ చివరికీ ఆ మొదటికీ మధ్య తొమ్మిది లైన్లు ఖాళీ ఉంది. పువ్వుల అచ్చు వేసి మూసేయమంటారా?" ప్రసంగం మండే చోట పువ్వులేమిటి. కొన్నవాడు మోసపోయాననుకోడూ. రాసిస్తానాగు, అంది. అయ్యగారి వరస తనకు తెలియనిదా, పదకొండేళ్ళుగా వింటోంది, ఆయన ఎక్కడ గాలి పీల్చుకుంటాడో కూడా తెలుసు. కలం ముంచి కిటికీలోంచి బయటికి చూసింది. ఎదురుగా పత్రాలు అమ్మే బ్రిజెట్ కొట్టు. ఆ పొద్దున్నే బ్రిజెట్ తన ఇద్దరు కొడుకులనూ, ఎద్దుల్లాంటివాళ్ళను, ఉబ్బసమని చెప్పి, సైన్యానికి దొరక్కుండా కెంట్‌లో మేనమామ పొలానికి బండెక్కించి పంపింది. ఉబ్బసం! రెండ్రోజుల ముందు సాయంత్రం ఇద్దరూ కాగితాల మూటలు చెరో రెండు భుజాన వేసుకుని వీధంతా పరిగెత్తినవాళ్ళు. బండి కదులుతుంటే బ్రిజెట్ కిటికీ వైపు చూసి చెయ్యి ఊపింది, నవ్వింది కూడా, తెలివైనదాన్ని చూశావా అన్నట్టు. ఒళ్ళు మండింది. అంతే, ఇంకేం లేదు, దేవుడూ లేడు దేశమూ లేదు, ఎదురింటామె నవ్వు చూస్తే మండిన మంట. ఆ మంటలో తొమ్మిది లైన్లూ ఒక్క ఊపులో వచ్చేశాయి. దేవుడు పిలిచిన కొడుకును కొంగుచాటున దాచుకున్న తల్లి ఇంట్లో ఉన్నది కొడుకు కాదు, దొంగసొమ్ము. అని మొదలుపెట్టి అలాగే చివరిదాకా. రాసి, సిరా ఆరడానికి ఇసుక చల్లి, చదువుకుంటే ఎంత బాగుందనిపించిందో. బ్రిజెట్ అది తన కొట్లో పెట్టి అమ్ముకుంటూ చదువుకుంటుంది కదా అని లోపల్లోపల ఎంత నవ్వుకుందో.

ఆ కాగితాన్ని పెద్దకొడుకు ఆంబ్రోస్ చేతికిచ్చింది. అదీ చేసిన పని. హంఫ్రీకి ఇవ్వొచ్చు, ముసలాడు సగం నిద్రలో పేర్చేవాడు, అర్థం పట్టించుకునేవాడు కాదు. ఆంబ్రోస్ అచ్చుల కేసు ముందు నిలబడి ఒక్కో అక్షరం ఏరి చేతిలోని స్టిక్కులో పెడుతున్నాడు, తలకిందులుగా, ఎడమనుంచి కుడికి. మిగతావాళ్ళు ఒక వాక్యాన్ని కంటితో దాటేస్తారు, కంపోజిటరు దాన్ని వేళ్ళతో నడుస్తాడు, కామా దగ్గర కూడా ఆగుతాడు. వాడు ఆగాడు. వేళ్ళ మధ్య అచ్చు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"అమ్మా, ఇది అయ్యగారు అన్న మాటేనా?"

"మరి నేనన్నానా? నీ పని చూడు, అచ్చుకు కాగితం తడిపేశాను."

"కాదమ్మా. బాగుంది. అందుకని అడిగా."

మరి నేనన్నానా. ఈ రెండు మాటలూ ఎన్నిసార్లు నోట్లో తిప్పుకుందో, ఉమ్మేద్దామంటే రావు. అవునురా, నేనే అన్నాను, బ్రిజెట్‌ను దెప్పడానికి రాశాను అని ఉంటే వాడు పగలబడి నవ్వేవాడు. వాడికి నవ్వడం వచ్చు. రాజుగారి పక్షంవాళ్ళ పత్రమూ తమ పత్రమూ పక్కపక్కన పెట్టుకుని, "చూడమ్మా, రెంటిమీదా ఒకటే రాక్షసి బొమ్మ. వాళ్ళది తల అటు తిప్పారు. దేవుడు ఎవరివైపు ఉన్నాడో అచ్చు చెక్క చెక్కినవాడిని అడగాలి" అనేవాడు. అలాంటివాడు ఆ తొమ్మిది లైన్ల తర్వాత అలా అనడం మానేశాడు, ఆగస్టులో సైన్యంలో చేరిపోయాడు. ఆ పత్రం మూడుసార్లు అచ్చువేశారు. అయ్యగారు స్వయంగా ప్రెస్సుకు వచ్చి, తడి కాగితాల తీగెల కింద తల వంచి నడిచి, తన ప్రసంగాన్ని ఇంత భక్తిగా రాసుకున్న సోదరికి కృతజ్ఞతలు అన్నాడు. ఆయన వేలు సరిగ్గా ఆ పేజీ మధ్యన ఉంది. తనూ ఆయన వేలినే చూసింది. ఆయనకు తెలుసు. తెలియకుండా ఎలా ఉంటుంది, మనిషికి తన మాట కాని మాట తెలియదా. కానీ తర్వాతి నెల ఉపవాస దినాన వేదికమీద కళ్ళు మూసుకుని, రెండు చేతులూ దిండుమీద ఆన్చి, ఆ వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. జనం హుం అన్నారు. అప్పటినుంచి అది ఆయనదే. ఏ ఊరినుంచి ఎవరు వచ్చినా ఆ మాట వినడానికే వస్తారు. ఆ తర్వాత ఎండాకాలంలో చేపలబుట్టల అడుగున దాచి తెచ్చే రాజుపక్షం పత్రాలు బ్రిజెట్ కొట్లో తిరగేస్తుంటే అందులోనూ కనబడింది. రాజు మకాం ఉన్న ఆక్స్‌ఫర్డ్‌లో అచ్చైంది, వేరే అయ్యగారిది, వేరే ప్రసంగం. రాజు పిలిచిన కొడుకును కొంగుచాటున దాచుకున్న తల్లి. ఒక్క మాట మార్చారు, అంతే. అక్కడ కూడా ఎవరో పేర్చి ఉంటాడు, ఏ తల్లి కొడుకో, అక్షరం అక్షరం ఏరి.

కత్తిగాయాలూ గుళ్ళదెబ్బలూ తిన్నవాళ్ళు తిరిగొచ్చిన శరదృతువులో రొట్టెలవాడి దగ్గర పనిచేసే నికలస్ ఒక చెయ్యి లేకుండా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. న్యూబరీ దగ్గర ముళ్ళకంచె వెంబడి వరసలు కట్టి నిలబెట్టారట. కదలొద్దన్నారట. ఎదురు మిట్టమీద ఫిరంగులు. ఒక్కో గుండు వస్తే ఒక వరస వెనకదాకా పోయేదట. "ఆంబ్రోస్ ముందు వరసలో ఉన్నాడత్తా. మాకు భయం వేసినప్పుడల్లా ఆ కాగితం తీసి అయ్యగారి మాట చదివి వినిపించేవాడు. వాడి గొంతు బాగుండేది కదా. అది వింటే మేం కదలలేదు. ఒక్కడూ కదలలేదు." ఒక్కడూ కదలలేదు. గర్వంగా చెప్పాడు. తను ఏమందో గుర్తులేదు. పలచటి బీరు గిన్నెలో పోసిచ్చింది, ఎడమచేత్తో తాగడం వాడికింకా అలవాటు కాలేదు, గడ్డంమీదుగా కారింది, తుడిచింది. తుడుస్తూ అనుకుంది, నాయనా, నీ చెయ్యి కూడానా. కదిలి ఉంటే, వెనక్కి పరిగెత్తి ఉంటే, ముళ్ళకంచెలోంచి దూరి పారిపోయి ఉంటే. పిరికివాళ్ళై ఇంటికొచ్చి ఉంటే. బ్రిజెట్ కొడుకులు ఆ ఏడు కెంట్‌నుంచి బుగ్గలు నిండి తిరిగొచ్చారు. ఇప్పుడు పెద్దాడికి పెళ్ళి కూడా అయింది. వాళ్ళను చూస్తే కోపం రావడం లేదు. చూస్తూ నిలబడిపోవాలనిపిస్తుంది, వాళ్ళు మూటలెత్తడం, తుమ్మడం, తల్లిమీద అరవడం.

ఇసుక సగం దిగింది. అయ్యగారు ఎర్రసముద్రం దాటించాడు, ఫరో రథాల చక్రాలు ఊడగొట్టాడు, ఇక ఎడారి ఉంది, దాని తర్వాత శపించబడ్డ ఊరు, దాని తర్వాత. డామరిస్ తల ఎత్తి గ్యాలరీ వైపు చూసింది. జాస్పర్ పెదవులు కదులుతున్నాయి. వాడికి కంఠతా వచ్చు. అన్న గొంతు లేదు వీడికి, అన్న నవ్వూ లేదు, చిన్నప్పటినుంచీ ప్రతిదీ నిజమనుకునే పిల్లాడు. మేఘంలో సైన్యాలు కనబడ్డాయని పత్రం వేస్తే మూడు రోజులు మెడ నొప్పెట్టేదాకా ఆకాశం చూసినవాడు. పొద్దున చెప్పింది వాడికి. చెప్పలేదని కాదు. రెండేళ్ళు నోరు కుట్టేసుకుని ఇవాళ పొద్దున, వాడు బూటుకు తాడు కట్టుకుంటుంటే, చెప్పేసింది.

"ఒరే, ఆ మాట అయ్యగారిది కాదు. నేను రాశాను."

వాడు తల ఎత్తకుండానే నవ్వాడు. "మొన్న గుండెలో నొప్పన్నావు. నిన్న హంఫ్రీకి చూపానడం లేదు, ప్రెస్సు మూతపడుతుందన్నావు. ఇవాళ ఇదా?"

"ఒట్టు. నీ అన్న మీద ఒట్టు."

అప్పుడు తల ఎత్తాడు. "ఒట్లు కూడా మొదలెట్టావా? అన్న ఆ మాట నమ్మి చచ్చిపోయాడమ్మా. అది నువ్వు కల్పించిందైతే అన్న దేనికి చచ్చిపోయినట్టు?"

పొయ్యి వైపు చూసింది, ఉపవాసం కదా, పొయ్యి చల్లగా ఉంది.

"సరే," అన్నాడు వాడే, కొంచెం జాలిపడి. "అయ్యగారు తన నోటితో నాది కాదంటే ఆ రోజు నమ్ముతాలే."

ఆయన్ను కలవడానికి చర్చికి ముందే వచ్చింది. తలుపు దగ్గరే ఆపేశారు, అయ్యగారు ప్రార్థనలో ఉన్నారమ్మా, ప్రసంగం రోజు ఎవర్నీ చూడరు, రేపు రండి. రేపు. రేపటికి జాస్పర్ భుజాన తుపాకీ ఉంటుంది. ఇక మిగిలింది ఒక్కటే దారి, అదీ తెలుసు, పొద్దుటినుంచీ తెలుసు, అందుకే ఒక్క అక్షరం రాయలేదు, అందుకే ఇసుక వైపు చూడలేకపోతోంది. లేవాలి. ఇంతమందిలో, ఆడది నోరెత్తకూడని చోట, దైవసేవకుడు మాట్లాడుతుండగా. పిచ్చిదంటారు. పిచ్చిదనే అననీ. నిజమని నమ్మితే అంతకంటే కష్టం, అయ్యగారి పేరుమీద లేని మాట అచ్చువేసిన ప్రెస్సును రేపు అచ్చాఫీసుల సంఘంవాళ్ళు వచ్చి సుత్తెలతో విరగ్గొడతారు, అచ్చులు కరిగించి పట్టుకుపోతారు, హంఫ్రీ వీధిన పడతాడు. విరగ్గొట్టనీ. ఆ ప్రెస్సు తన మొగుడి రెక్కలకష్టం. పోనీ. ఇంకేం అడ్డం. ఇంకేదో అడ్డముంది. ప్రెస్సు కాదు, పరువు కాదు. ఆంబ్రోస్. వాడు మట్టిలో ఏ గుంటలో ఎంతమంది కింద ఉన్నాడో గానీ ఒక మాట పట్టుకుని ఉన్నాడు, దేవుడి మాటని. ఈ నాలుగు వందలమందిలో లేచి ఆ మాటను వాడి చేతిలోంచి లాక్కోవాలి. ఒక కొడుకును రెండోసారి చంపితే గానీ ఇంకో కొడుకు బతకడు. లెక్క అదే. అదేనా? బ్రిజెట్ ముక్కు చీది, "ఏంటక్కా, వణుకుతున్నావు, నా శాలువా కప్పుకో" అంటూ శాలువా చెంగు మీదికి లాగింది. వెచ్చగా ఉంది. ఉల్లిపాయల వాసన. ఈమె మీదనా అంత మంట.

అయ్యగారు గ్రంథం మూశాడు. చేతిగుడ్డ తీసి నుదురు తుడుచుకున్నాడు. చలిలో కూడా ఆ చోట ఆయనకు చెమట పడుతుంది. చేతిగుడ్డ మడిచి, రెండు చేతులూ ఎర్ర దిండుమీద ఆన్చాడు. కళ్ళు మూసుకున్నాడు. కలాలన్నీ ఆగాయి, ఈ వాక్యం అందరి దగ్గరా ఉంది, రాసుకునే పని లేదు. గ్యాలరీలో బల్ల కిర్రుమంది, కుర్రాళ్ళు కాళ్ళు సర్దుకుంటున్నారు.

లేచిందో, ఎవరో లేపారో తెలియదు. శాలువా జారిపోయింది.

"అయ్యా, ఆ మాట అనకండి."

తన గొంతేనా, ఇంత సన్నగా, పిల్లి గొంతులా. అయినా కప్పుదాకా వినబడింది. తలలన్నీ తిరిగాయి. చర్చి పెద్ద తన పొడుగు కర్ర పట్టుకుని నడవలోకి దిగాడు. "కూర్చో తల్లీ, కూర్చో. ఎవరండీ ఈమె, బయటికి తీసుకెళ్ళండి."

"అది మీ మాట కాదయ్యా, నేను రాశాను. ఆ రోజు సిరా గడ్డకట్టింది. మీరేమన్నారో నేను రాసుకోలేదు. తొమ్మిది లైన్లు ఖాళీ ఉంటే నేను నింపాను. మీకు తెలుసు. నాది కాదని ఒక్కసారి చెప్పండయ్యా. నా కొడుకు పైన ఉన్నాడు, వాడు మీరు చెబితేనే వింటాడు."

కర్ర భుజాన్ని తాకింది. అయ్యగారు కళ్ళు తెరిచాడు. "ఆమెను వదలండి" అన్నాడు. ఇసుక పడుతున్న చప్పుడు కూడా వినిపిస్తుందేమో అనిపించింది. ఆయన ఇంత ముసలివాడని ఎప్పుడూ గమనించలేదు, చెంపలు లోపలికి పోయాయి. ఆయన గ్యాలరీ వైపు చూశాడు, తన వైపు చూశాడు.

"నిజమే" అన్నాడు. "ఆ మాట నేననలేదు."

పైన ఎవరి టోపీయో జారి కింద పడింది. జాస్పర్‌దే. వాడు నోరు తెరిచి చూస్తున్నాడు, చిన్నప్పటిలా, ఆకాశంలో సైన్యాలు లేవని తెలిసిన రోజులా. డామరిస్‌కు కాళ్ళలోకి రక్తం దిగింది. చాలు. దేవుడా, చాలు. ఇక ప్రెస్సు విరగ్గొట్టుకోండి, నన్ను బండికి కట్టి వీధులు తిప్పండి. వాడు ఇంటికొస్తాడు, అలుగుతాడు, ఏడాది మాట్లాడడు, వాడు మాట్లాడని ఏడాది ఎంత బాగుంటుందో, ఎదురుగా కూర్చుని మొహం తిప్పుకుని తింటుంటే ఇంకొంచెం వడ్డిస్తూ.

"అచ్చులో చూసుకున్న రోజున భయపడ్డాను" అన్నాడు అయ్యగారు. గొంతు ఇంకా చిన్నదిగానే ఉంది, కానీ కుదురుకుంటోంది. "నేననని మాట నా పేరుమీద. ఎక్కడినుంచి వచ్చిందా అని రెండేళ్ళు ప్రార్థించాను. నా గర్వంకొద్దీ ఎవర్నీ అడగలేదు. ఇవాళ జవాబు దొరికింది. సహోదరులారా, ఈమెను చూడండి. ఈమె విధవరాలు. ఈమె పెద్దకొడుకు న్యూబరీలో పడ్డాడు. ఇప్పుడు నన్ను నేను అడుగుతున్నాను, ఆ రోజు సిరాను గడ్డకట్టించింది ఎవరు? ఆ చలిని పంపింది ఎవరు? నా నోరు చాలదని పక్కకు నెట్టి, తన కొడుకును ఇవ్వబోయే తల్లిని ఏరి, ఆమె చేతికి ఆ వాక్యాన్ని ఇచ్చింది ఎవరు?"

"కాదు" అంది డామరిస్. "కాదు, కాదయ్యా, దేవుడు కాదు, బ్రిజెట్ మీద కడుపుమంటతో రాశాను, దాని కొడుకుల్ని చూసి ఓర్వలేక రాశాను!"

హుం మొదలైంది. ఇంతకు ముందెప్పుడూ అలా వినలేదు. నేలలోంచి వచ్చినట్టు వచ్చింది, ఆగలేదు, ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకుంది. తన మాటలు తనకే వినబడలేదు. పక్కనున్న ఒక్క మనిషికి తప్ప ఎవరికీ వినబడలేదు.

"నా మీదా?" అంది బ్రిజెట్. కళ్ళు చిట్లించి, అర్థం చేసుకుంటూ. "దొంగసొమ్మన్నది నా పిల్లల్నా? ఆ కాగితాలు నా చేత్తో అమ్మించావు కదే." శాలువా చెంగు తనవైపు లాక్కుంది. ముందు బల్లలోని ముసలమ్మ వెనక్కి తిరిగి డామరిస్ చెయ్యి అందుకుని ముద్దుపెట్టుకుంది. పైన బల్లలు ధడధడమన్నాయి. లేచారు. ఒప్పందం ఉన్నవాళ్ళే కాదు, లేనివాళ్ళు కూడా, కింద పెళ్ళాల పక్కన కూర్చున్న మగాళ్ళు, కళ్ళద్దాల కొట్టు పనివాడు, నిన్నటిదాకా కుంటుతున్న చెప్పులు కుట్టే ఎడ్మండ్. గుమ్మం దగ్గర సార్జంటు కంగారుగా ఇంకో కలం చెక్కుకుంటున్నాడు. అయ్యగారు ఆ వాక్యం అననే లేదు. అనాల్సిన పని లేకపోయింది.

జాస్పర్ మెట్లు దిగి ఆ వరసలో కలవలేదు. జనానికి ఎదురు తోసుకుంటూ ఇటు వస్తున్నాడు. మొహం వెలిగిపోతోంది. రెండేళ్ళలో వాడు తనను అలా చూడలేదు, అసలు ఎప్పుడూ చూడలేదు. నడవలో తన ముందుకొచ్చి ఆగాడు.

"పొద్దున నమ్మలేదమ్మా. తప్పయింది" అన్నాడు. "నువ్వా. నువ్వే అన్నమాట." సున్నం రాలిన రాళ్ళమీద రెండు మోకాళ్ళూ ఆన్చి తల వంచాడు. "దీవించు."

చుట్టూ ఉన్నవాళ్ళు జరిగి చోటిచ్చారు. బిడ్డ మోకరిల్లితే తల్లి తలమీద చెయ్యి పెట్టి దేవుడు నిన్ను దీవించుగాక అనాలి, ఆ మాట అనేదాకా బిడ్డ లేవకూడదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గరనుంచి ఎవరి ఇంట్లోనైనా అంతే. పెద్దవాడు కూడా మోకరిల్లాడు, ఆగస్టు పొద్దున, భుజాన సంచితో. తన చేతిలో తడి కాగితం దొంతర ఉంది. దేవుడు దీవిస్తాడు, లే నాన్నా, లే, కాగితం ఆరిపోతోంది. ఒక్క ఊపిరిలో. వాడు లేచాడు.

డామరిస్ జాస్పర్ తలమీద చెయ్యి పెట్టింది. జుట్టు వెచ్చగా ఉంది, నడినెత్తిన సుడి, పుట్టిననాడు మొదట అదే చూసింది. వేళ్ళు విప్పి అరచెయ్యి మొత్తం ఆన్చింది.

అందరూ ఎదురుచూస్తున్నారు. హుం అణిగింది. గుమ్మం దగ్గర వరస కదులుతోంది, పేర్లు పిలుస్తున్నారు.

"అమ్మా" అన్నాడు జాస్పర్ తల ఎత్తకుండానే, మెల్లగా. "చెప్పమ్మా. చూస్తున్నారు అందరూ."

ఆమె నోరు విప్పలేదు.

"అమ్మా."

చర్చి పెద్ద దగ్గాడు. ఎవరో ఆడమనిషి, పాపం, దుఃఖంలో మాట పెగలడం లేదు, కాసేపు ఆగండి అంది. కింద వాడి మెడ బిగుసుకుంటోంది, లేవాలని చూస్తోంది. డామరిస్ పళ్ళు బిగించి రెండో చెయ్యి కూడా తెచ్చి వాడి తలమీద పెట్టింది.